నోటినిండా నీళ్ళు

అచ్యుతానికి వచ్చిన చిక్కల్లా ఒకటే. తెల్లవారితే కోటకు వెళ్ళాలి. వెళ్ళి నోరు విప్పాలి.

నోరు విప్పడం అతనికి కొత్త కాదు. ఆ రేవులో అంతటి నోరు ఇంకొకటి లేదు. అతను మాట్లాడుతుంటే సముద్రం అలలు ఆపుకుని వినేదని చెప్పుకునేవారు. చెప్పుకున్నవాళ్ళలో మొదటివాడు అచ్యుతమే అనుకోండి. ఇంగ్లీషు దొరలు, హాలెండునుంచి వచ్చే వలందా వర్తకులు, పారసీ మాట్లాడే గుర్రాల బేరగాళ్ళు, ఎవరు ఓడ దిగినా సరే, వాళ్ళ కాలు ఇసకలో ఆనేలోపే వాళ్ళ మాట ఇతని నోట తెలుగైపోయేది.

దుబాసీ పని అది. ఒకరి మాట మరొకరికి వాళ్ళ భాషలో చెప్పడం. ఆ పని నేర్పిన గురువు పేరయ్య పంతులుగారు.

పంతులుగారి సంగతి ఎంత చెప్పినా తక్కువే. ఆయన వలందా భాషలో తుమ్మితే నడిసముద్రంలో వలందా ఓడలు తెరచాపలు దించి దణ్ణం పెట్టేవి. కత్తులు దూసుకున్న రెండు సేనల మధ్య నిలబడి మాట్లాడి, మధ్యాహ్నానికి ఇద్దరికీ ఒకే పొయ్యిమీద పులుసు కాయించిన మనిషి. ఇది పొగడ్త కాదు, బాగా తగ్గించి చెప్పిన మాట.

అంతటాయనకీ ఒక వింత అలవాటు ఉండేది. ఎక్కడికి వెళ్ళినా చేతిలో చిన్న రాగి చెంబు. అవతలి మనిషి మాట ముగించగానే ఓ గుక్క నీళ్ళు నోట్లో పోసుకునేవారు. మింగేవారు కాదు. బుగ్గలు ఉబ్బించుకుని కాసేపు అలాగే ఉండి, ఆ తరవాత మింగి, అప్పుడు చెప్పేవారు. ముసలితనం కదా, గొంతు తడారిపోతుంది కాబోలు అనుకునేవాడు అచ్యుతం. తోటివాళ్ళ మధ్య తనూ బుగ్గలు ఉబ్బించి, కళ్ళు తేలేసి, అందరినీ నవ్వించేవాడు.

ఆ సాయంత్రం మాత్రం అతనికి నవ్వు రాలేదు.

జరిగింది ఇది. రేవులో ఉన్న ఇంగ్లీషు ఓడ, వాళ్ళ రాజు పుట్టినరోజని ఫిరంగులు పేల్చింది. ఆ మోతకి కోటలో జమీందారు కొడుకు ఎక్కిన గుర్రం బెదిరి అతన్ని విసిరికొట్టింది. కుర్రవాడి కాలు విరిగింది. జమీందారు విజయభూపతికి ఓడ దొరకలేదు గానీ, ఇసకమేటల మధ్యనుంచి ఆ ఓడకి దారి చూపించి తెచ్చిన సరంగు పోలయ్య దొరికాడు. మర్నాడు పొద్దు గుంకేలోగా వాణ్ణి ఏనుగు కాలికింద వేయిస్తానని నిండు సభలో అన్నాడు భూపతి. ఓడ కెప్టెన్ హాల్సీ దొర వచ్చి మాట్లాడతానని కబురు పెట్టాడు. పంతులుగారి గొంతు జలుబుతో పూడుకుపోయి ఉంది. ఇక మిగిలింది అచ్యుతం.

ఆ కోటలో ఒక ఆచారం ఉంది. మాట ఎవరిదైనా కానీ, పూచీ వినిపించిన నాలుకదే. దొర తిడితే దొరని ఏమీ అనరు. ఆ తిట్టు తెలుగులో పలికిన నాలుకని పట్టుకుంటారు. ఉత్తి బెదిరింపు కాదది. నాలుక పోగొట్టుకున్న మనిషి ఇంకా ఆ కోట గుమ్మంలోనే ఉన్నాడు.

"గురువుగారూ," అన్నాడు అచ్యుతం, "మాటలన్నీ మీరే నేర్పారు. ఈ భయం పోయే దారి కూడా మీరే చెప్పాలి."

పంతులుగారు చింతపండు తీసుకుని రాగి చెంబు తళతళలాడేదాకా తోమారు. కడిగి, తుడిచి, శిష్యుడి చేతిలో పెట్టారు.

"రేపు ఇది నువ్వు పట్టుకో," అన్నారు బొంగురుగా.

తెల్లవారాక మడచెట్ల మధ్య కాలవలో పడవ బయలుదేరింది. ముందు కూర్చున్న హాల్సీ దొర టోపీ చేతిలో పట్టుకుని కోటవైపే చూస్తున్నాడు. వెనక గురుశిష్యులు. అచ్యుతం పళ్ళు టకటకమంటున్నాయి. ఆ చప్పుడు బయటికి రాకుండా తనకి తెలిసినవన్నీ వల్లించడం మొదలుపెట్టాడు.

మాటల గురించి ఏ జాతి ఏమంటుందో అతనికి కొట్టిన పిండి. ఊరుకోమనడానికి ఇంగ్లీషువాడు నాలుక పట్టుకోమంటాడు. ఆపకుండా వాగేవాడు గాడిదకి వెనక్కాలు ఊడేదాకా మాట్లాడాడంటాడు. అలాంటివాణ్ణి మనం చెవిలో జోరీగ అంటాం. చెప్పీ చెప్పీ విసిగిన పారసీవాడు నా నాలుకమీద వెంట్రుకలు మొలిచాయంటాడు. మనకి నోరు పడిపోతుంది. నోరున్న ఆడమనిషికి వలందాలు పళ్ళమీద వెంట్రుకలున్నాయంటారు. మనం గయ్యాళి అని ఒక్క ముక్కతో సరిపెడతాం. ఇక అన్నమాట వెనక్కి తీసుకోవలసి వచ్చినప్పుడు, ఇంగ్లీషువాడు తన మాటలు తనే తింటాడు.

"అప్పుడు మనవాడేం చేస్తాడు?" అన్నారు పంతులుగారు, కళ్ళు మూసుకునే.

"లెంపలేసుకుంటాడు."

"భూపతి వేసుకుంటాడా?"

అచ్యుతం వల్లించడం ఆపేశాడు. తెడ్ల చప్పుడు మాత్రం వినిపించింది, ఒడ్డు తగిలేదాకా.

కోట తలుపు తీసింది కాశన్న.

కాశన్న కూడా ఒకప్పుడు పంతులుగారి శిష్యుడే. ఇతని వేగం ముందు అచ్యుతం నత్త. దొర పెదవి కదిపితే చాలు, కాశన్న తెలుగు ఆ పెదవి మూతపడకముందే వచ్చేసేదట. ఒకనాడు సభలో ఎవరో కెప్టెన్ విసిగిపోయి భూపతిని నాలుక పట్టుకోమన్నాడు. కాశన్న రెప్ప వెయ్యలేదు. "నోరు మూసుకోమంటున్నారు," అన్నాడు. అర్థంలో ఇసుమంత తప్పు లేదు. ఆ సాయంత్రానికి అతని నోట్లో నాలుక లేదు. మర్నాటినుంచి, కోటకు వచ్చే ప్రతి దుబాసీకీ తలుపు తీసి నీళ్ళిచ్చే పని అతనికి అప్పజెప్పారు. ఊరికే ఇచ్చిన కొలువు కాదని వచ్చినవాళ్ళకి ఇట్టే తెలిసేది.

పంతులుగారిని చూసి కాశన్న నవ్వాడు. ఆ నవ్వులో లోపలంతా చీకటి. అచ్యుతం తల తిప్పుకున్నాడు. చేతిలో చెంబు వణుకుతుంటే, కాశన్న రెండో చేత్తో దాన్ని అడుగున పట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా నింపాడు.

సభలో విజయభూపతి కూర్చుని ఉన్నాడు. ఆయన మీసంమీద నిమ్మకాయలు నిలబెట్టేవారని అంటారు. అబద్ధం. కొబ్బరిబొండాలు నిలబెట్టేవారు. ఆ మీసం కదిలితే గోడలమీద డాళ్ళు గలగలమనేవి. ఓ పక్కన స్తంభానికి పోలయ్యని కట్టేసి ఉంచారు. వాడు ఎవరినీ చూడటం లేదు. కిటికీలోంచి పడ్డ ఎండ నేలమీద ఎంతదాకా జరిగిందో అదే చూస్తున్నాడు.

మొదట్లో మాటలు మర్యాదగానే సాగాయి. ఫిరంగులు పండగకి పేల్చినవని దొర చెప్పించాడు. మీ పండగకి నా కొడుకు కాలు కావలసి వచ్చిందా అని భూపతి అడిగించాడు. పోలయ్య ఉత్త సరంగనీ, ఫిరంగి దగ్గర వాడి చెయ్యే లేదనీ దొర అన్నాడు. నా రేవుకి దారి చూపించింది వాడే కదా అని భూపతి అన్నాడు. అచ్యుతం అటు ఇటు అందిస్తున్నాడు. వీపున చెమట కాలవ కడుతోంది. ప్రతి మాటా చెప్పాక, నాలుక ఉందో లేదోనని పళ్ళ వెనక తడిమి చూసుకుంటున్నాడు.

"అన్నమాట అన్నదే," అన్నాడు భూపతి. "పొద్దు గుంకేలోగా."

అది ఇంగ్లీషులో వినగానే హాల్సీ దొర మొహం కందగడ్డయింది. ఒక్క అడుగు ముందుకేసి, ఈ మనిషి తన మాటలు తనే తినేలా చేస్తానని చెప్పమన్నాడు.

అచ్యుతం దగ్గర తెలుగు సిద్ధంగా ఉంది. ఉండకేం! ఎంతటి భయంలోనూ మాట మాత్రం అతన్ని వదిలిపెట్టేది కాదు. అన్నమాటకి లెంపలు వేయిస్తానంటున్నారు. అంతే, నాలుక చివరికి వచ్చేసింది. పెదవులు విడివడ్డాయి.

చల్లటి రాగి అంచు వాటికి తగిలింది.

పంతులుగారు ఎప్పుడు వెనకనుంచి చెయ్యి చాపారో, ఎప్పుడు చెంబు ఎత్తారో తెలియదు. అచ్యుతం నోటినిండా నీళ్ళు పోశారు.

మింగబోయాడు. గురువుగారి వేళ్ళు అతని భుజంమీద బిగిశాయి. మింగలేదు.

బుగ్గలు ఉబ్బించుకుని నిలబడ్డ కుర్ర దుబాసీని అందరూ చూస్తున్నారు. నోట్లో నీళ్ళున్న మనిషి మాట్లాడలేడు. చూడగలడు, వినగలడు. అచ్యుతం మొదటిసారి చూశాడు. కేకలేసిన దొర చేతిలో టోపీ అంచు వణుకుతోంది. అన్నమాట అన్నదేనన్న భూపతి కళ్ళు దొరమీద లేవు, లోపలి గది తలుపుమీద ఉన్నాయి. ఆ తలుపు వెనకనుంచి సన్నగా ఒక మూలుగు వస్తోంది. ఇందాకటినుంచీ వస్తూనే ఉండి ఉంటుంది.

దొర కూడా విన్నాడు. అతని గొంతు దిగింది. ఆ మూలిగేది పిల్లవాడా అని అడిగాడు, దుబాసీని కాదు, తనలో తనే అడిగినట్టు.

అప్పుడు భుజంమీద వేళ్ళు సడలాయి. అచ్యుతం మింగాడు.

"ఆ మూలుగు చిన్నబాబుగారిదేనా అని అడుగుతున్నారు ప్రభూ."

భూపతి మీసం కదలలేదు. తల ఊపాడు. ఓడలో విరిగిన ఎముకలు కట్టే వైద్యుడు ఉన్నాడని, ఇప్పుడే పిలిపిస్తానని దొర అన్నాడు. అదీ చెప్పాడు అచ్యుతం. భూపతి మళ్ళీ తల ఊపాడు. అంతా అయిపోయిందనుకున్నారు.

"ఒరే దుబాసీ," అన్నాడు భూపతి. "అంతకుముందు గట్టిగా ఏదో అన్నాడు. అది నువ్వు చెప్పలేదు."

గుమ్మంలో నిలబడి కాశన్న ఇటే చూస్తున్నాడు. అచ్యుతం తనే చెంబు ఎత్తి గుక్కెడు నీళ్ళు నోట్లో పోసుకున్నాడు. ఎవరూ భుజం పట్టుకోలేదు. తనే ఆగాడు. తనే మింగాడు.

"పోలయ్య గురించి తమరన్న మాట ఇంకా తమ దగ్గరే ఉందా, మావటివాడి దాకా వెళ్ళిపోయిందా అని, ప్రభూ."

"అది ఆ దొర మాటా? నీ మాటా?"

"ఈ కోటలో మాట ఎవరిదైనా పూచీ నాలుకదే కదా ప్రభూ. నాదే అనుకోండి."

అతని గొంతు పిల్లిపిల్ల గొంతులా వచ్చింది. అయినా వచ్చింది.

భూపతి అతని నోటివంక చూశాడు. గుమ్మంలో కాశన్నవంక చూశాడు. నేలమీద ఎండ ఇంకా పోలయ్య కాళ్ళదాకా రాలేదు.

"మావటివాడికి ఇంకా చెప్పలేదు," అన్నాడు భూపతి. "చెప్పను. కట్లు విప్పండి."

పోలయ్య విడిపించుకున్న చేతులవంక అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. భూపతి తన మాటలు తిన్నాడా అని దొర అచ్యుతం చెవిలో అడిగాడు. తిన్నారని, చప్పుడు కాకుండా తిన్నారని, దయచేసి ఇక ఆ ఊసెత్తవద్దని ఇంగ్లీషులో చెప్పాడు అచ్యుతం. దొర వైద్యుడికోసం మనిషిని పంపి కోటలోనే ఉండిపోయాడు.

కాశన్న తలుపు తీశాడు. గురుశిష్యులు, పోలయ్య పడవ దగ్గరికి నడిచారు. పోలయ్య తెడ్డు అందుకున్నాడు. పడవ మడచెట్ల నీడలోకి వచ్చాక అచ్యుతానికి వణుకు తిరిగి మొదలైంది, ఈసారి ఇంకా గట్టిగా. చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు.

"మీకూ ఇలాగే ఉంటుందా గురువుగారూ? ఇన్నేళ్ళ తరవాత కూడా?"

పంతులుగారు తన అరచెయ్యి చాపి చూపించారు. ఏడు సముద్రాలవాళ్ళతో మాట్లాడిన ఆ మహానుభావుడి చెయ్యి ఎండుటాకులా అల్లాడుతోంది.

"మరి ఈ భయం ఎప్పటికి పోతుంది?"

పంతులుగారు వెనక్కి తిరిగి కోట గుమ్మంవైపు చూశారు. తలుపు మూస్తున్న మనిషి దూరంగా కనిపిస్తున్నాడు.

"కాశన్నకి పోయింది," అన్నారు.

అచ్యుతం ఖాళీ చెంబు ఒళ్ళోకి తీసుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.