నోరు పండించే పనిముట్టు

గోగులపాలెంలో బుల్లెబ్బాయి ఇల్లంటే తెలివికి పుట్టిల్లు. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, బుల్లెబ్బాయే అన్నాడు. తమ్ముడు పోలిరాజు అవునన్నాడు. పెళ్ళాం నూకాలు మరీ అవునంది. అంతే, ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నాక ఇంక సాక్ష్యం ఎందుకు?

అంత తెలివైన ఇంట్లో పోలిరాజుకి మాత్రం పెళ్ళి కుదరటం లేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే గుమ్మంలోంచి వెళ్ళిపోతున్నారు. బుల్లెబ్బాయికి అదే బెంగ. ఆవేళ పిల్ల తండ్రి గవర్రాజు వస్తున్నాడని ఇల్లు దులుపుతుంటే, అటక మీంచి ఓ పాత ఇనప వస్తువు ఠంగున కిందపడింది. రెండు కాళ్ళు, అవి కలిసేచోట ఓ శీల, లోపలివైపు పదును.

"కొంగ ఎముకలన్నయ్యా," అన్నాడు పోలిరాజు.

"కొంగకి ఇనప ఎముకలేమిట్రా! ఇది కత్తెర. ముసలిదై వంగిపోయింది."

సరే చూద్దామని నూకాలు దాన్ని మరిది మీసం మీద పెట్టింది. ఓ పక్క మీసం ఊడి చేతిలోకొచ్చింది.

"కత్తెర కాదు. కత్తెరైతే రెండో పక్క కూడా తెగేది," అని తేల్చేసింది.

ఇంతలో పక్కింటి మంగాయమ్మ గేదెని తోలుకుపోతూ కనిపించింది.

"అత్తా, ఇదేమిటి?" అని అడిగాడు బుల్లెబ్బాయి.

"మీ ఇల్లు బంగారంగానూ! ఇది లేందే చుట్టాల నోరు పండుతుందిట్రా? వచ్చినాయన నోరు పండించండి, సంబంధం కుదిరినట్టే!" అనేసి, గేదె ఎవరి చేలోనో పడబోతుంటే దాని వెనకాల పరిగెత్తింది.

ఇంకేముంది! మామిడికాయ ఎలా పండుతుంది? ముచ్చిక కోసి గడ్డిలో వేస్తే పండుతుంది. నోటికి ముచ్చికేది? బుల్లెబ్బాయి బుర్ర గోక్కుని, "ముక్కు! నోటి మీద అంటుకుని ఉండేది అదే కదా!" అన్నాడు.

పోలిరాజు రెండు చేతులతో ముక్కు మూసుకుని, "నేను పచ్చిగానే ఉంటానన్నయ్యా!" అని ఘొల్లుమన్నాడు.

"కొయ్యంలేరా, ఊరికే పట్టుకుంటాం." పిడివైపు నుంచి ముక్కు నొక్కాడు. ఊపిరాడక పోలిరాజు నోరు బారెడు తెరిచాడు.

"చూశావుటే నూకాలూ, ఇది నోటికి తాళంచెవి!"

అంతే, పోలిరాజు తల తీసుకెళ్ళి గడ్డిమేటులో కుక్కేశారు.

సరిగ్గా అప్పుడే గవర్రాజు దిగాడు.

"ఎవరివయ్యా ఆ కాళ్ళు?"

"పెళ్ళికొడుకువేనండి. తలకాయ లోపల పండుతోంది. రండి, మీకూ గడ్డి పెడతాం."

"నాకు గడ్డి పెడతావా! తిన్నగా మాట్లాడు!"

"తినకుండానే మాట్లాడుతున్నానండీ. మీరొచ్చాకే తిందామని ఆగాం."

గవర్రాజు కండువా దులిపి వెనక్కి తిరిగాడు. "అయ్యో, నా గుండె జారిపోయిందే!" అన్నాడు బుల్లెబ్బాయి, నిజంగానే కళ్ళ నీళ్ళతో. నూకాలు వంగి అరుగు కింద వెతకడం మొదలెట్టింది.

గేదెని కట్టేసి వచ్చిన మంగాయమ్మ ఆ వైభోగం చూసి నెత్తి కొట్టుకుంది. "ఓరి మీ తెలివి తెల్లారా! అది అడకత్తెరరా! వక్కలు కత్తిరించేది! తాంబూలం వేసుకుంటే నోరు ఎర్రబడదూ? దాన్నే పండటం అంటారు!"

వెళ్ళిపోతున్న గవర్రాజుని ఆపి అరుగు మీద కూర్చోబెట్టింది. తనే వక్కలు కత్తిరించి, ఆకులకి సున్నం రాసి, అందరికీ చిలకలు చుట్టి ఇచ్చింది. గవర్రాజు నములుతూ, నెత్తి నిండా గడ్డితో, ఒంటి మీసంతో బయటికొచ్చిన పెళ్ళికొడుకుని చూశాడు. ఇక ఆగలేకపోయాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మా కొంపలో పొద్దస్తమానం పోట్లాటలే. ఇక్కడైతే నా పిల్ల రోజూ నవ్వుతుంది. బావగారూ, మంచిపనికి ఆలస్యం ఎందుకు? ఇప్పుడే తాంబూలాలు మార్చేసుకుందాం!"

బుల్లెబ్బాయి ఆనందం పట్టలేకపోయాడు. గబగబా ముందుకొచ్చాడు. నోట్లో సగం నమిలిన తాంబూలం అరచేతిలోకి తీసి, వినయంగా గవర్రాజు ముందు పట్టాడు.

"ఇదిగోండి బావగారూ, నాది. ఏదీ, మీది ఇలా పెట్టండి!"