తాత కర్ర, నేటి వాన

అనగనగా, వానలు పంచాంగం మాట వినడం మానేసిన కాలంలో, కడలి ఒడ్డున ఒక రాజ్యం. అక్కడ సముద్రం ముందుకొచ్చి జాలరిపేటను మింగేసింది. పాపం, పేటవాళ్లు చంటిపిల్లలతో తాటాకు పందిళ్ల కిందికి చేరారు.

రాజుగారు గవరయ్య మేస్త్రిని పిలిపించారు. "వీళ్లకు కొత్త పేట కట్టాలి. ముందు ఒక్క ఇల్లు కట్టి చూపించు. వానకు నిలిస్తే మిగతావీ నీవే" అన్నారు.

గవరయ్య గొప్ప పనివాడు. గర్వం అంతకన్నా గొప్పది! ఇంటి నేలను తాత ఇచ్చిన కొలకర్రంత ఎత్తు లేపితే చాలు, నూరేళ్లూ ఢోకా లేదని అతని నమ్మకం.

వేసవిలో పల్లపు నేల తవ్విస్తుంటే, మట్టిలో నిద్రపోతున్న కప్ప బయటపడింది.

"మేస్త్రీ, ఇది నీటి తావు. వాన కోసమే ఇక్కడ పడుకున్నాను" అంది ఆవులిస్తూ.

"మా తాత ఇలాంటి చోటే కట్టాడు. ఒక్క గోడా ఒరగలేదు!"

"మీ తాతలు నేతులు తాగారులే! తాత కర్ర నీ దగ్గరుంది. తాత నాటి వాన ఏది?"

గవరయ్య నవ్వి పని కానిచ్చాడు. ఆ ఏడాది, నెల రోజుల వాన ఒక్క పూటలో కురిసింది. ఇల్లు కూలింది.

మరుసటి వేసవి అక్కడే గోడలు రెండింతలు లావుగా లేపాడు. మళ్లీ కప్ప తగిలింది. "గోడ లావైతే నీరు జడుస్తుందా?" అంది. వింటేగా! ఈసారి గోడలు నిలిచాయి. లోపల మోకాటిలోతు నీళ్లూ నిలిచాయి.

పేట పెద్ద నూకాలమ్మ వచ్చింది. "బాబూ, సముద్రం మమ్మల్ని ఒక్కసారే ముంచింది. నువ్వు రెండుసార్లు ముంచావు. ఇంకోసారైతే మావాళ్లు తలోదారి పోతారు. ఇక పేటే ఉండదు."

గవరయ్య సిగ్గుతో తల దించుకున్నాడు. మూడో వేసవి తానే వెళ్లి, తలపాగా తీసి కప్ప ముందు కూర్చున్నాడు. "ఎక్కడ కట్టను?"

"తవ్వి చూడు. మావాళ్లు దొరకని చోట కట్టు."

పల్లమంతా కప్పలే. ఎర్రమట్టి దిబ్బ మీద ఒక్కటీ లేదు. గవరయ్య పల్లాన్ని నీటికి వదిలి, దిబ్బ మీద ఇల్లు కట్టాడు. నేలను రెండు కర్రల ఎత్తు లేపాడు.

వాన విరుచుకుపడింది. పల్లం నిండింది. దిబ్బ మీద నూకాలమ్మ పొడి పొయ్యి రాజేసి చేపల పులుసు పెట్టింది.

రాజుగారు మెచ్చి, "ఈ విద్య ఎవరు నేర్పారు?" అని అడిగారు. గవరయ్య పల్లం వైపు చూపించాడు. అక్కణ్ణుంచి బెకబెకమని ఒకటే సందడి.

ఆ దిబ్బ మీదే పేటంతా లేచింది.

తాత కొలతకు దండం పెట్టు; ఇల్లు మాత్రం నేటి వానకు కట్టు.