పడవ నోరు మూసిన నురుగు

అనగనగా ఒక సముద్రం. ఆ సముద్రానికి ఒక ఒడ్డు, ఆ ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో పడవలు మాట్లాడేవి.

పొద్దున్నే నీళ్లలోకి తోసేముందు ప్రతివాడూ తన పడవకు చెవి ఆనించి "పోదామా?" అని అడగాలి. అది "ఊఁ" అంటేనే వేట. లేదంటే ఆ రోజుకు ఇంటిదారే. అది వాళ్ల ఆచారం.

దానయ్య పడవ మాత్రం "ఊఁ"తో సరిపెట్టేది కాదు. దాన్ని కట్టినవాడు దానయ్య మామ. అందుకని దానయ్య దాన్ని "అత్తా" అనేవాడు, అది అతన్ని "అల్లుడా" అనేది. అత్త అన్నాక సణగకుండా ఉంటుందా?

"అల్లుడా, ముందు అణియం దగ్గర నీరు దూరుతోంది. వెనక అమరం దగ్గర చెక్క పుచ్చుతోంది. నడుము పట్టేసింది అల్లుడా."

వినీ వినీ దానయ్యకు తల వాచిపోయేది. బాగుచేయించాలంటే పడవను ఇసుక మీదికి లాగి ఎండబెట్టాలి, చెక్క మార్చాలి. అన్నాళ్లూ వేట బందు. అందరూ గంపల నిండా చేపలు తెస్తుంటే తను ఒడ్డున గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలా?

ఒకనాడు పట్నం నుంచి ఒక వర్తకుడు రెండు డబ్బాలు పట్టుకొచ్చాడు. ఒకదానిలో తేనె రంగు మందు, రెండోదానిలో బెల్లంపాకం లాంటి మందు. రెండూ సమంగా పోసి గబగబా కలిపాడు. చూస్తుండగానే నురుగు బుసబుసా పొంగింది. గ్లాసెడు మందు బిందెడు నురుగైంది. కాసేపటికి గట్టిపడి బెండులా తేలికైంది. నీళ్లలో వేస్తే తేలింది. పల్లెంతా నోరు తెరిచింది.

"దీన్ని పోస్తే సందులు నిండుతాయి, పడవ తిరగబడినా మునగదు. కానీ మూడు మాటలు వినండి," అన్నాడు వర్తకుడు. "తడి ఆరాకే పొయ్యాలి. పుచ్చిన చెక్క తీసేశాకే పొయ్యాలి. లోపలి నీరు బయటికి పోయే దారి మూయకూడదు."

"మునగదు" అన్న మాట దగ్గరే దానయ్య వినడం మానేశాడు.

మొదటి రోజు అణియంలో పోశాడు. "ఇంకా తడి ఆరలేదు అల్లుడా," అంది పడవ. నురుగు పొంగి సందంతా నిండింది. అటువైపు గొంతు ఆగిపోయింది. దానయ్యకు ప్రాణం లేచొచ్చింది.

రెండో రోజు అమరంలో పోశాడు. "పుచ్చు తీయించు అల్లుడా, నీ పుణ్యముంటుంది," అని పడవ బతిమాలింది. ఆ గొంతూ ఆగిపోయింది.

మూడో రోజు నడుము కింద, నీరు పోయే దారిలో పోయబోతుంటే పెళ్లాం నూకరత్నం అడ్డం వచ్చింది. "ఏటయ్యా ఇది? మా అయ్య చేత్తో కట్టిన పడవ. నాల్రోజులు గంజి తాగుదాం, చెక్క మార్పించు."

"నీకేం తెలుసే, ఊరుకో. ఇక మునగమన్నా మునగదు."

"అల్లుడా, ఊపిరాడటం లేదు," అంది పడవ.

దానయ్య డబ్బా ఒంపేశాడు.

మర్నాడు చెవి ఆనించి "పోదామా అత్తా?" అన్నాడు. చప్పుడు లేదు. వద్దనలేదుగా అని తనకు తనే సర్దిచెప్పుకుని పడవను తోశాడు. అలా రోజూ. మొదట్లో హాయిగానే ఉంది. పోనుపోను నడిసంద్రంలో ఒంటరిగా ఏమీ తోచేది కాదు. పోనీ ఒకసారి సణిగినా బాగుండును అనిపించేది. అయినా నురుగు తీసి చూడలేదు, పాపం బుద్ధిలేనివాడు. ఆ నురుగు కింద చెక్క తడిలో నాని కుళ్లుతూనే ఉంది.

వానలకాలంలో ఒక పెద్ద అల పడవను ఎత్తి కుదేసింది. నడుము ఫెళ్లున విరిగింది. దానయ్య నీళ్లలో పడ్డాడు. తడుముకుంటుంటే అణియం ముక్క చేతికి తగిలింది. వర్తకుడు అబద్ధం చెప్పలేదు. నురుగున్న ఆ ముక్క మునగలేదు.

విరిగినచోట కొత్త సందు పడింది. అందులోంచి సన్నగా గొంతు వినిపించింది.

"గట్టిగా పట్టుకో అల్లుడా. ఒడ్డు దగ్గరే."

నిజానికి ఒడ్డు దగ్గరలో లేదు. అయినా ఆ ముక్కే అతన్ని సాయంత్రానికి ఇసుక మీదికి చేర్చింది. దానయ్య దానికి చెవి ఆనించి, "తప్పయిపోయింది అత్తా, ఒక్కసారి తిట్టు," అని వెక్కివెక్కి ఏడ్చాడు. అది పలకలేదు. పరుగున వచ్చిన నూకరత్నం వాళ్లయ్య కట్టిన ఆ ముక్కను చేత్తో నిమిరింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

తర్వాత దానయ్య కొత్త పడవ కట్టుకున్నాడు. మంచి చెక్క చూసి, ఆరబెట్టి, నీటికి దారి వదిలి, అప్పుడు నురుగు పోశాడు. అది కాస్త మూలిగితే చాలు, ఆ రోజే ఇసుక మీదికి లాగేవాడు. కానీ పొద్దున్నే దాని దగ్గరికి పోయేముందు, గుమ్మం పక్కన నిలబెట్టిన ఆ అణియం ముక్కకు చెవి ఆనించి "పోదామా అత్తా?" అని అడిగేవాడు. ముసలివాడయ్యేదాకా అడిగాడు. అది మళ్లీ పలకనే లేదు.

కాబట్టి పిల్లలూ, మన మేలు కోరి సణిగే గొంతును నొక్కేస్తే లోపం పోదు, దాన్ని చెప్పేవాళ్లే పోతారు.