ఇన్నాసమ్మ ఆగిన చోటు

ఊఁ కొట్టేవాళ్ళుంటేనే కథ నడుస్తుంది. కొడతారా? సరే, వినండి.

మా తాతలకు తాతలు గోచీ పెట్టుకుని గోలీలాడే కాలంలో, నల్లరేగడి పొలాల మధ్య ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో తాటాకు కప్పిన చిన్న ఏసుసామి దేవాలయం. ఆ దేవాలయానికొక గురువుగారు.

ఆయన ఊరికి మూడు పూటల ప్రార్థన నేర్పాడు. పొద్దున గంట, మధ్యాహ్నం గంట, సాయంత్రం గంట. జనం రెండు వరసల్లో ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. కీర్తనలో ఒక చరణం కుడి వరస పాడితే, తర్వాతది ఎడమ వరస అందుకునేది. ఎవరి వంతు వారిదే.

కొత్తొక వింత, పాతొక రోత! మొదటి ఏడు దేవాలయం కిటకిటలాడింది. రెండో ఏడు సగమైంది. మూడో ఏడు మిగిలింది ఇన్నాసమ్మ ఒక్కతే.

ఇన్నాసమ్మ బుట్టలల్లుకుని బతికే ముసలిది. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఎడమవైపు కూర్చునేది. గురువుగారు కుడివైపు. ఆయనదొక చరణం, ఆమెదొక చరణం.

ఒకరోజు ఆయనకు విసుగొచ్చింది. "ఇద్దరి కోసం మూడు పూటలా గంటెందుకు ఇన్నాసమ్మా? వచ్చే ఆదివారంతో మానేద్దాం. ఎవరింట్లో వాళ్ళం చెప్పుకుందాం."

"అట్టా అనబాకండి సామీ," అంది ముసలిది. "ఇంట్లో నేను మాట్టాడితే వినేది గోడలే. ఇక్కడైతే నా మాటకి బదులొస్తది. ఆ కాస్తా తీసెయ్యబాకండి."

మర్నాడే గురువుగారు చలిజ్వరం తగిలి మంచాన పడ్డాడు.

మరి గంట ఎవరు కొడతారు? ఇన్నాసమ్మే కొట్టింది. వెళ్ళి ఎడమవైపు తన చోటులోనే కూర్చుంది. రెండు వరసల చరణాలూ ఆమెకు నోటికొచ్చు. అయినా కుడి వరసది పాడలేదు. అది పాడటానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆగింది. తర్వాత తన వంతు పాడింది. మళ్ళీ ఆగింది.

ఎడ్లు తోలుకుపోతూ రాయప్ప ఇది విన్నాడు. ఒకప్పుడు కుడి వరసలో కూర్చున్నవాడే. "ముసల్దానికి మతిపోయింది," అని నవ్వుకుంటూ పోయాడు.

మధ్యాహ్నం మళ్ళీ విన్నాడు. ఈసారి నవ్వు రాలేదు. "ఏందవ్వా, సగం సగం పాడతన్నావు? మిగతాది మర్చిపోయావా?"

"గుర్తుంది నాయనా. అది నీ వంతు గదా! నేనే పాడేస్తే, నువ్వొచ్చిన్నాడు నీకు చోటేది?"

రాయప్ప తల వంచుకుని పోయాడు.

సాయంత్రం మూడోసారి విన్నాడు. ఆమె ఆగిన చోటల్లా అతనికి పంటి కింద రాయిలా తగిలింది. ఎడ్లను అక్కడే వదిలి, గుమ్మంలోనే నిలబడి కుడి వరస చరణం అందుకున్నాడు. ఇన్నాసమ్మ వంతొచ్చింది. సంతోషం పట్టలేక ఏడ్చేసింది. కళ్ళు తుడుచుకుని అప్పుడు పాడింది.

మర్నాడు ముగ్గురొచ్చారు. మూడోనాటికి కుడి వరస నిండింది. మంచం మీద గురువుగారు ఆ పాట విన్నాడు. దుప్పటి కప్పుకుని, గోడ పట్టుకుని నడిచొచ్చి, ఈసారి ఎడమవైపు ఇన్నాసమ్మ పక్కన కూర్చున్నాడు. మానేద్దామన్న మాట మళ్ళీ ఎత్తితే ఒట్టు.

ఏళ్ళు గడిచి ఇన్నాసమ్మ పోయింది. ఆ పూట కూడా గంట మోగింది. కుడి వరస పాడింది. ఎడమ వరసలో ఎప్పుడూ ముందుగా అందుకునే గొంతు లేదు. అందరూ ఒక్క ఊపిరి ఆగారు. ఆ తర్వాతే పాడగలిగారు.

తాటాకు పోయి పెంకులొచ్చాయి. పెంకులు పోయి స్లాబొచ్చింది. ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎడమ వరస ఒక్క ఊపిరి ఆగి గానీ తన మొదటి చరణం అందుకోదు. ఎందుకని అడిగితే, "మా చోటు మాకు ఉంచిన తల్లి కదా, ఈ కాస్త చోటు ఆమెది," అంటారు.

కథ నా వంతు, ఊఁ మీ వంతు. ఇంతసేపూ బదులు పలికారు. మీకు దండం.