ఎనభై తొమ్మిది అధ్యాయాలు

అచ్యుతం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. కుంచె తడిగా ఉన్నంతసేపు ఎవరేం అడిగినా జవాబు చెప్పేవారు కాదు. కుంచె కడిగి, గుడ్డకు అద్ది, మొన సరిచేసి గ్లాసులో నిలబెట్టాకే తల ఎత్తేవారు. ఆలోపల అడిగినవాళ్ళలో సగంమంది తమ ప్రశ్న తామే మార్చుకునేవాళ్ళు. భీమిలిలో ఆయన ఇంటి వరండాలో బొమ్మల కథలు గీయడం నేర్చుకున్న నలుగురిలో నేనొకణ్ణి.

మాలో పెద్దది హైమ. అప్పటికే తన సొంత కథ ఒకటి ఇంటర్నెట్లో వారం వారం పెడుతూ ఉండేది. ఆ కథ నడుమ ఒక ఘట్టం రెండేళ్ళుగా సాగుతోంది. దాని మీద చదివేవాళ్ళు రెండు జట్లుగా చీలిపోయారు. కథకి ప్రాణం ఇదేనని ఒక జట్టు, కథ చచ్చిపోయింది ఇక్కడేనని ఇంకో జట్టు. ఒక ఉదయం ఆ వాదోపవాదాలన్నీ ప్రింటు తీసి తెచ్చి మాస్టారి ముందు పెట్టింది.

"వీళ్ళు బలమని చూపించిన చోటే వాళ్ళు లోపమంటున్నారు మాస్టారూ. గీసినదాన్ని నేను, నాకే తెలియడం లేదు. ఏది ఉంచాలో ఏది కొట్టెయ్యాలో ఎలా తెలుస్తుంది?"

మాస్టారు ఆ కాగితాలు చదవలేదు. కుంచె కడగడం ముగించి, సన్యాసినాయుడు అనే మనిషి సంగతి చెప్పడం మొదలుపెట్టారు. నాకు గుర్తున్నంతలో ఆయన చెప్పినది ఇది.

సన్యాసినాయుడు విశాఖపట్నంలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. వయసు ముప్పై నాలుగేళ్ళు. తల్లీ తండ్రీ పోయారు. ఉన్న ఒక్క అక్క బరంపురంలో కాపురం. అల్లిపురంలో ఒక గది అద్దెకి తీసుకుని ఉండేవాడు. రోజంతా ఇతరుల తప్పులు దిద్ది గదికి చేరేసరికి మాట్లాడడానికి ఓపిక ఉండేది గాని మనిషి ఉండేవాడు కాదు. అతనికి ఉన్న ఒకే ఒక్క వ్యసనం జపాను నుంచి వారం వారం వచ్చే ఒక మాంగా, అంటే అక్కడి బొమ్మల కథ. ఉప్పు బస్తాలు వేసుకుని కొండలు దాటే ఒక కంచరగాడిదల బిడారు కథ అది.

కథ మొదలైన మూడో ఏట ఆ బిడారు ఒక కనుమలో మంచుకి చిక్కుకుంది. పది వారాల్లో బయటపడుతుందని చదివేవాళ్ళు అనుకున్నారు. పడలేదు. నూట నలభై అధ్యాయాలు ఆ కనుమలోనే గడిచాయి. అభిమానులు దానికి కనుమ ఘట్టమని పేరు పెట్టి, ఎక్కడివాళ్ళు అక్కడ కొట్టుకున్నారు. విశాఖలో ఆ కొట్లాట ఆదివారం మూడు గంటలకి డాబాగార్డెన్స్‌లో, ఇస్మాయిల్ భాయ్ బైండింగు షాపు మేడ మీద జరిగేది. భాయ్‌కి కూడా ఆ కథ ఇష్టం. వారం వారం వచ్చిన అధ్యాయాన్ని ఒక ప్రతి ప్రింటు తీసి బల్ల మీద పెట్టి, కింద నుంచి టీ పంపించేవాడు. ముగ్గురు నలుగురు వచ్చి పోతుండేవాళ్ళు. తప్పకుండా వచ్చేవాళ్ళు ఇద్దరే. ఒకరు నాయుడు. రెండో మనిషి నీలవేణి. ఆవిడ కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్షించి నెంబరు రాస్తుంది. నాయుడికంటే రెండేళ్ళు చిన్న. మంచంపట్టిన మేనత్తని చూసుకుంటూ ఉండేది. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు మాత్రం పక్కింటావిడకి అప్పజెప్పి వచ్చేది.

"హీరో కనిపించి పదహారు వారాలైంది," అనేవాడు నాయుడు. "ఇద్దరు మనుషుల కొట్లాట పదకొండు వారాలు సాగింది. చచ్చిపోయాడన్న మనిషి మంచు కింద నుంచి లేచొచ్చాడు. దీన్ని కథంటారా అండీ?"

"ఆ ముసలాయన గాడిదల మెడల్లో గంటలు లెక్కపెట్టి, ఒకటి తగ్గిందని తెలుసుకునే అధ్యాయం చూడండి," అనేది నీలవేణి. "ఏడు పేజీల్లో ఒక్క మాట లేదు. అన్ని వారాలు మనల్ని ఆ మంచులో కూర్చోబెట్టకపోతే ఆ గంట తగ్గినట్టు మనకి తెలిసేదా?"

"తెలిసేది. రెండు వారాలు చాలు."

"మీకు చాలు. ఆ ముసలాయనకి చాలొద్దూ?"

ఇలా సాగేది. బల్ల మీది ప్రతి మీద ఆవిడ పెన్సిలుతో ఏదో రాసేది. దాని కింద అతను ఇంకేదో రాసేవాడు. ఐదు దాటాక భాయ్ పైకొచ్చి షట్టరు వేసుకోవాలని గుర్తు చేస్తే, మెట్లు దిగుతూ కూడా వాదించుకునేవాళ్ళు. కనుమ ఘట్టం అయిపోయింది. ఇంకో ఏడాదికి కథే అయిపోయింది. అయినా వీళ్ళ వాదం మాత్రం ఆ కనుమ దాటలేదు.

ఒక ఆదివారం నాయుడు కాస్త శ్రుతి మించాడు. ఆ ఘట్టంలో మూడింట రెండు వంతులు చెత్తబుట్టలో వెయ్యాల్సిందేనని, ఈ మాత్రం తెలియనివాళ్ళే దాన్ని మెచ్చుకుంటారని అనేశాడు. నీలవేణి మొహం ఎర్రబడింది.

"అంత తెలిసినవారు మీరే కోసి చూపించండి. అప్పుడు ఒప్పుకుంటాను."

ఆ మాట అతను పట్టుకున్నాడు. మర్నాడే పని మొదలుపెట్టాడు. ఏ అధ్యాయం తీసేస్తే ఏది దేనికి అతకదో గోడ మీద చార్టు కట్టాడు. కొన్నిచోట్ల అతుకు కుదరడానికి ఒకటో రెండో కొత్త బొమ్మలు కావాల్సి వచ్చాయి. వాటి కోసం అతను భీమిలి బస్సెక్కి మాస్టారి దగ్గరకొచ్చాడు. బొమ్మ గీయడం అతనికి రాదు. కానీ పట్టు వదల్లేదు. మంచు గీయడమంటే కాగితాన్ని తెల్లగా వదిలెయ్యడమని తెలుసుకోవడానికే అతనికి నెల పట్టింది. మొత్తం పనికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో అతను భాయ్ మేడెక్కింది మూడుసార్లు. నీలవేణి ఒకటి రెండుసార్లు ఫోన్ చేసింది.

"ఈ వారమూ రారా?"

"పూర్తి కానివ్వండి. అప్పుడు మాట్లాడదాం."

నూట నలభై అధ్యాయాల్లో యాభై ఒకటి మిగిలాయి. ఎనభై తొమ్మిది పోయాయి. హీరో మూడో అధ్యాయానికే తిరిగొస్తాడు. పదకొండు వారాల కొట్లాట నాలుగు పేజీల్లో తేలిపోతుంది. చచ్చినవాడు చచ్చే ఉంటాడు. ముసలాయన గంటలు లెక్కపెట్టే ఏడు పేజీలు కూడా ఉంచాడు. అది ఆవిడ కోసం ఉంచానని మాస్టారితో చెప్పి కొంచెం సిగ్గుపడ్డాడు. ఇస్మాయిల్ భాయ్ దాన్ని ఎర్ర క్యాలికో గుడ్డ వేసి బైండు చేశాడు. నీలవేణికి ఒక ప్రతి ముందుగానే పంపించారు.

ఆ ఆదివారం నాయుడు రెండున్నరకే మేడ మీద ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఆవిడ ఏ పేజీ దగ్గర ఏమని అడుగుతుందో, తనేమని చెప్పాలో అంతా ఊహించి, ఒక చిన్న కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. మూడింటికి నీలవేణి వచ్చింది. పుస్తకం బల్ల మీద పెట్టి కూర్చుంది.

"మీరన్నదే నిజమండీ," అంది. "ఎక్కడా ఆగలేదు. ఒక్క పూటలో చదివేశాను."

నాయుడు ఆగాడు. ఆవిడ టీ కోసం మెట్ల వైపు చూసింది.

"గంటల అధ్యాయం?"

"ఉంది కదా. బాగుంది."

"ఎక్కడైనా లోటుగా... ఏమైనా పోయినట్టు అనిపించలేదా?"

"లేదండీ. ఏం పోయిందో గుర్తు తెచ్చుకుందామని చూశాను. గుర్తు రాలేదు."

టీ వచ్చింది. తాగారు. భాయ్ కూడా బాగుందన్నాడు. మిగతావాళ్ళూ బాగుందన్నారు. జేబులో కాగితం జేబులోనే ఉంది. మూడున్నరకి నీలవేణి లేచి, అత్తయ్యకి మందు వెయ్యాలని వెళ్ళిపోయింది. ఇంతకుముందు ఏ ఆదివారమూ ఆ మందు ఐదింటికి ముందు వెయ్యాల్సి రాలేదు.

పై వారం ఆవిడ వచ్చింది గాని, మాట్లాడుకోవడానికి ఏమీ దొరకలేదు. ఎండల గురించి మాట్లాడుకున్నారు. ఆ పై వారం రాలేదు. అభిమానులంతా అప్పటికే ఇంకేదో కొత్త కథ మీద పడి కొట్టుకుంటున్నారు. నాయుడు మరో నాలుగు ఆదివారాలు మేడ మీద ఒక్కడే కూర్చున్నాడు. ఐదో వారం భాయ్ మొహమాటపడుతూ పైకొచ్చాడు. స్కూళ్ళు తెరిచే రోజులట. కాగితం రీములు పెట్టుకోవడానికి గది కావాలన్నాడు. పాత ప్రింట్ల కట్ట కూడా తెచ్చి చేతిలో పెట్టాడు. "ఇవి నీవే కదా నాయుడూ, తీసుకెళ్ళు. తూకానికి వెయ్యడానికి నాకు మనసొప్పలేదు."

గదికి వెళ్ళి అతను ఆ కట్ట విప్పాడు. పుస్తకం పని అంతా కంప్యూటర్లో శుభ్రంగా ఉన్న పేజీలతో చేశాడు గనక ఈ కాగితాలు చూసి చాలా కాలమైంది. అలవాటు కొద్దీ వాటిని రెండు దొంతరలుగా వేరుచేశాడు. ఉంచినవి ఇటు, తీసేసినవి అటు. వేరుచేశాక చూస్తే ఉంచిన యాభై ఒకటీ తెల్లగా ఉన్నాయి. గంటల అధ్యాయం ఒక్కటి తప్పిస్తే ఎక్కడా పెన్సిలు గీత లేదు. బాగున్నవాటి గురించి ఎవరికీ ఏమీ రాయాలని అనిపించలేదు. తీసేసిన ఎనభై తొమ్మిదిలో మాత్రం అంచుల నిండా రాతలు. "ఇక్కడ మీకు ఓపిక లేదు, అంతే." "మీకు ఎక్కువైంది." "ఇతను ఎందుకు బతికాడో నేను చెబుతాను, ఆదివారం దాకా ఆగండి." ఒకచోట ఇద్దరి రాతా కలిసిపోయి చదవడానికి వీలు లేకుండా ఉంది. ఒకచోట టీ గ్లాసు అడుగు గుండ్రంగా పడి ఉంది. అతను ఆ మధ్యాహ్నమంతా నేల మీద కూర్చుని అవి చదివాడు. ఒక్క బొమ్మ చూడలేదు. అంచులే చదివాడు.

మర్నాడు ప్రెస్సుకి సెలవు పెట్టి, తన పుస్తకంలో తప్పులు వెతకడం మొదలుపెట్టాడు. వారం రోజులు వెతికాడు. హీరో తొందరగా వచ్చేశాడు. మంచు కురిసినట్టే లేదు. కొట్లాటలో ఓడినవాడి మీద జాలి కలగదు. ఇలా ఇరవై రెండు పోగుచేసి, తెల్లకాగితం మీద పొందికగా రాసి, ఆ కాగితం తీసుకుని నీలవేణి పనిచేసే షాపుకి వెళ్ళాడు.

ఆవిడ ఒక పెద్దాయనకి చూపు పరీక్షిస్తోంది. నాయుణ్ణి చూసి ఆశ్చర్యపోయి, కూర్చోమంది. అతను కాగితం ఇచ్చాడు. పెద్దాయన కళ్ళకి ఫ్రేము తగిలించి, అందులో అద్దం మార్చే మధ్యలో ఆవిడ ఆ ఇరవై రెండూ చదివింది. చివరిదాకా చదివి మడతపెట్టింది.

"అన్నీ మీరే ఒప్పేసుకుంటే ఇక నేనేం మాట్లాడను నాయుడు గారూ?"

"మీరు ఆ ఘట్టాన్ని అంతగా వెనకేసుకొచ్చేవారు కదండీ. అదంతా నేను..."

"సగం అధ్యాయాలు నాకూ విసుగే," అంది నీలవేణి.

నాయుడు కుర్చీలోంచి లేచాడు. "మరి నాలుగేళ్ళు ఎందుకు వాదించారు?"

ఆవిడ అతని వంక చూసింది. ఈలోగా పెద్దాయన, "అమ్మా, ఇప్పుడు కింది వరస కూడా కనిపిస్తోంది, చదవమంటావా?" అన్నాడు. చదవమంది. ఆయన ఒక్కో అక్షరం గట్టిగా, తప్పు లేకుండా చదివాడు. అయ్యేదాకా ఇద్దరూ విన్నారు. ఆ తర్వాత ఆవిడ నెంబరు రాసుకోవడానికి బల్ల వైపు తిరిగింది. నాయుడు వస్తానండీ అని చెప్పి బయటికొచ్చాడు. ఆవిడ తల ఊపింది.

అక్కడితో ఆగి మాస్టారు కొత్త కాగితం తీసి బల్ల మీద పరిచారు. నాయుడు మళ్ళీ ఆ షాపుకి వెళ్ళలేదనీ, ఇప్పుడూ ఆ ప్రెస్సులోనే ఉన్నాడనీ, కొత్త కథలు చదవడం మానేశాడనీ చెప్పారు. నీలవేణి మేనత్త ఆ ఏడే పోయిందట. ఆవిడ గురించి అంతకుమించి ఆయనకి తెలియదు.

హైమ తను తెచ్చిన ప్రింట్లు ఒక దొంతరగా సర్దింది. తర్వాత, గీసేవాళ్ళకి తప్పకుండా వచ్చే అనుమానమే అడిగింది.

"ఇంతకీ ఆయన చేసిన పుస్తకం నిజంగా బాగుందా మాస్టారూ?"

మాస్టారు కుంచె అందుకున్నారు. దాన్ని సిరాలో ముంచే ముందు జవాబు చెప్పారు.

"చాలా బాగుందమ్మా. ఒక్కళ్ళు కూడా వంక పెట్టలేకపోయారు."