ఊపిరి కలిపిన కుట్ర

ధనుర్మాసం, గురువారం, పొద్దున్న సరిగ్గా ఎనిమిది గంటలకి, గొర్రిపాడులో అచ్చెన్నగారి గేదె గౌరి కరణంగారి మినపచేలో పడి మేసి, బందెలదొడ్డికి చేరింది. అచ్చెన్న ఇల్లు తెలివికి పుట్టిల్లని ఆ ఇంటివాళ్ళ నమ్మకం. ఊళ్ళోవాళ్ళకే ఆ సంగతి ఇంకా తెలియలేదు, అంతే.

అచ్చెన్న భార్య పేరమ్మ లబోదిబోమంది. మర్నాడు పొద్దున్నే గౌరి పాలతో స్వామికి పరమాన్నం నైవేద్యం పెడతానని మొక్కుకుంది మరి.

"జరిమానా కట్టి తోలుకురారాదూ?" అంది.

"తెలివుండగా డబ్బెందుకే? కుట్ర పన్నుదాం," అన్నాడు అచ్చెన్న.

కుట్ర ఎలా పన్నుతారో మాత్రం తెలియదు. ఇంకేముంది, మరిది కామయ్య పరుగున వెళ్ళి ఇంగ్లీషు మేష్టార్ని అడిగొచ్చాడు.

"వదినా! కుట్ర పన్నడాన్ని ఇంగ్లీషులో 'కాన్‌స్పైర్' అంటారట. ఆ మాట లాటిన్ నుంచి వచ్చిందట. అక్కడ దానర్థం కలిసి ఊపిరి పీల్చడమట! తలలు దగ్గర చేర్చి గుసగుసలాడతారు కనకా... అంటూ మేష్టారింకా ఏదో చెప్పబోయారు. అసలు కిటుకు తెలిశాక కొసరెందుకని వచ్చేశా."

"ఓస్, ఇంతేనా!" అంది పేరమ్మ.

అంతే. ముగ్గురూ వంటింట్లో చేరి పీల్చారు, వదిలారు. పొయ్యిమీద పప్పు మాడింది. "వాసన చూడకు, పీల్చు!" అని కసిరాడు అచ్చెన్న. ఆ ఘాటుకి కామయ్య తుమ్మాడు. కుట్ర భగ్నమైంది. మళ్ళీ మొదలు.

మధ్యాహ్నానికి బందెలదొడ్డి కంచె దగ్గర వరసగా నిలబడి రొప్పసాగారు. కాపలా వీరన్న కంగారుపడ్డాడు.

"ఏం బాబూ, ఇంటిల్లిపాదికీ ఉబ్బసమా?"

"కుట్ర పన్నుతున్నాం. మధ్యలో మాట్లాడించకు," అన్నాడు అచ్చెన్న.

"ఎవరిమీద?"

"నీమీదే. మా గేదెని విడిపించుకోవద్దూ?"

వీరన్న పొట్ట పట్టుకుని నవ్వి, "ఆ జరిమానా ఏదో నేనే కట్టుకుంటాలే, తోలుకుపొండి" అని తడిక తీశాడు.

"చూశావా లాటిన్ మహిమ!" అని అచ్చెన్న మీసం దువ్వాడు.

సాయంత్రం పేరమ్మ చెంబు పట్టుకుని కూర్చుంటే గౌరి ఒక్క చుక్క పాలు చేపలేదు. ఇంటికొచ్చాక దానికి గడ్డిపరకైనా వెయ్యలేదన్న మాట ఎవరికీ తట్టలేదు. పేరమ్మకి ఇంకోటి తట్టింది.

"ఏమండీ, ఇదీ ఆ వీరన్నా పొద్దుట్నుంచీ ఒకే దొడ్లో ఊపిరి పీల్చారు కదూ?"

"అమ్మో! అయితే మనమీదే కుట్ర!"

ఇంకేముంది, మర్నాడు తెల్లవారగానే పేరమ్మ స్వామి ముందు ఖాళీ గిన్నె పెట్టి, "కుట్రదారు పాలు నీకొద్దు తండ్రీ" అని దణ్ణం పెట్టుకుంది. తర్వాత ముగ్గురూ గౌరిని తోలుకెళ్ళి బందెలదొడ్లో అప్పగించి, జరిమానా కూడా కట్టారు.

వీరన్న ఆశ్చర్యంతో నోరు తెరిచాడు.

"నోరు ముయ్యి వీరన్నా!" అంది పేరమ్మ. "దాని శిక్ష పూర్తయ్యేదాకా నువ్వు ఊపిరి బిగబట్టుకుని ఉండు!"