మొలతాడు ఎత్తు బండి

ఒక కంపెనీ ట్రక్కులు తయారుచేసేది. ఏటికేడు వాటిని పెద్దవి చేసుకుంటూ పోయింది. చివరికి చక్రాలు మనిషి ఛాతీ దాకా పెరిగాయి. ధర మనిషి నెత్తి దాటిపోయింది. కొనేవాళ్లు తగ్గారు.

అప్పుడు యజమాని అందర్నీ పిలిచి, ఇక చిన్న ట్రక్కు చేద్దామన్నాడు. చవగ్గా ఉండాలి, బరువు మొయ్యాలి. పక్కన ఇంకో మనిషి లేనివాడు కూడా దాంతో పని చేసుకుని బతకగలగాలి.

"అలాంటివాళ్లు ఊళ్లో ఎంతమంది ఉంటారండీ?" అని ఒకడు అడిగాడు.

"పొద్దున్నే రోడ్డు మీదకెళ్లి చూడవయ్యా," అన్నాడు యజమాని.

ఆ కంపెనీలో ఒక ఆచారం ఉంది. చొక్కా కుట్టే ముందు దర్జీ మనిషిని కొలుస్తాడు కదా, అలాగే బండి ఎవరికోసమో ఆ మనిషిని ముందు తీసుకొచ్చి కొలుస్తారు. అతన్ని కొలత మనిషి అంటారు. పెద్ద ట్రక్కుల కాలంలో కొలత మనిషి కుర్చీలో కాంట్రాక్టర్లు కూర్చునేవారు. కాఫీలు తాగి, పక్క కాంట్రాక్టరు బండి కన్నా ఎత్తుగా ఉండాలని చెప్పి వెళ్లిపోయేవారు. ఈసారి తలుపులాయన్ని పిలిపించారు.

తలుపులాయన పడగొడుతున్న ఇళ్ల దగ్గర పాత తలుపులు కొని, కొత్తగా కట్టుకుంటున్నవాళ్లకి అమ్ముతాడు. ముప్పై ఏళ్లుగా అదే పని. టేకు తలుపంటే మాటలు కాదు, రెండు కొసలా ఇద్దరు పట్టుకోవాలి. ఒక కొస ఆయన పట్టుకునేవాడు. రెండో కొస ఆయన భార్య నూకాలు పట్టుకునేది. ఇద్దరూ కలిసి తలుపుని రిక్షాలోకి ఎక్కించి, ఆయన తొక్కుతుంటే ఆవిడ వెనక నుంచి తోసేది. రెండేళ్ల కిందట నూకాలు జ్వరంతో పోయింది.

ఆ తర్వాత ఆయన ఒక ఉపాయం కనిపెట్టుకున్నాడు. తలుపు పై కొసని రిక్షా అంచుకి ఆనిస్తాడు. చుట్టూ తిరిగి కింది కొస దగ్గరికొచ్చి, దాన్ని ఎత్తి లోపలికి తోస్తాడు. అంచు ఆయన మొలతాడు ఎత్తున ఉంటేనే ఇది కుదురుతుంది. ఇంకాస్త ఎత్తయితే తలుపు నిక్కి, ఆయన ఇటు తిరిగేలోపల జారిపోతుంది. రిక్షా సరిగ్గా ఆ ఎత్తే. కానీ ఇళ్లు పడగొట్టే చోట్లు ఊరి అవతలికి జరిగిపోయాయి, మోకాళ్లు తొక్కనివ్వడం లేదు. మోటారు బండి దొరక్కపోతే ఆయన పని మానుకోవాలి. ఆ పని తప్ప ఆయనకి ఇంకోటి రాదు. అది కూడా పోతే రోజు మొత్తంలో ఆయన్ని పలకరించే మనిషి ఉండడు.

"బండి ఎలా ఉండాలి?" అని మొదటి రోజు అడిగారు.

"నాకేటి తెలుసు బాబూ. తొట్టి అంచు నా మొలతాడు దాటకూడదు. దాటితే తలుపు ఆగదు, జారిపోతాది. ఇంకేటీ వద్దు."

కంపెనీలో నమూనాలు చేసే వడ్రంగి ఒకడున్నాడు. మితభాషి. ఆయన తలుపులాయన్ని నిలబెట్టి, నేల నుంచి మొలతాడు దాకా ఒక కర్ర కొలిచి కోశాడు. ఆ ఎత్తుకే చెక్కతో బండి నమూనా కట్టాడు. కర్రని మూలన నిలబెట్టాడు.

మర్నాటి నుంచి పరీక్షలు మొదలయ్యాయి. ఆ ఫ్యాక్టరీలో ఒక నియమం ఉంది, ఏ బరువూ ఒక్కరే ఎత్తకూడదు. ఎప్పుడో ఎవరికో నడుం విరిగితే పెట్టిన నియమం. మంచిదే, ఎవరూ తప్పు పట్టలేరు. అందుకని తలుపులాయన తలుపు మీద చెయ్యి వెయ్యగానే, పసుపు టోపీలు పెట్టుకున్న ఇద్దరు పనివాళ్లు పరుగున వచ్చి రెండో కొస పట్టుకునేవారు. తలుపు పువ్వులా లేచి తొట్టిలో పడేది.

ఇంజను వాళ్లు వచ్చి, కింద కాస్త చోటు చాలట్లేదు, బండిని నాలుగు వేళ్ల ఎత్తు లేపమన్నారు. వడ్రంగి నమూనా కింద చెక్కముక్కలు పెట్టాడు. మళ్లీ పరీక్ష. పసుపు టోపీలు వచ్చి పట్టుకున్నారు.

"ఎలా ఉంది?"

"హాయిగా ఉంది బాబూ."

చక్రాల వాళ్లు వచ్చి ఇంకో నాలుగు వేళ్లు లేపారు. అందచందాలు చూసేవాళ్లు వచ్చి, బండి చతికిలబడినట్టు ఉందని రెండు వేళ్లు లేపారు. అమ్మేవాళ్లు వచ్చి, పెద్ద ట్రక్కుల వాళ్ల ముందు మనది నవ్వులపాలు కాకూడదని మరో నాలుగు వేళ్లు లేపారు. తలా ఒక చెయ్యి వేశారు. లేపిన ప్రతిసారీ కొలత మనిషిని అడిగారు. ఆ ఒక్క విషయంలో వాళ్లని మెచ్చుకోవాలి.

"ఎలా ఉంది?"

"బాగుంది బాబూ. అప్పటికన్నా బాగుంది."

ఆయన అబద్ధం చెప్పలేదు. రెండేళ్ల తర్వాత తలుపు సగం బరువే ఉంది. అవతలి కొస నుంచి ఎవరో "నిదానం పెద్దాయనా, నిదానం" అంటున్నారు. ఆయన రోజూ తల దువ్వుకుని రావడం మొదలుపెట్టాడు. గేటు తియ్యక ముందే వచ్చి నిలబడేవాడు. ఆకలేస్తే మనిషి సిగ్గు విడిచి అన్నం అడుగుతాడు. తోడు కావాలని అడగడానికి మాత్రం నోరు రాదు. ఆయనకీ రాలేదు.

చివరికి తొట్టి అంచు ఆయన డొక్కల దాకా వచ్చింది. కొలత మనిషి పూర్తిగా తృప్తి చెందాడని కాగితం మీద రాసి యజమానికి పంపారు. ఆ కాగితంలో ఒక్క అక్షరం తప్పు లేదు. సోమవారం నుంచి అచ్చులు పొయ్యాలని నిర్ణయించారు. అచ్చు పోస్తే ఇక బండి మారదు.

శనివారం సాయంత్రం వడ్రంగి తన సామాన్లు సర్దుకుంటుంటే మూలనున్న కర్ర చేతికొచ్చింది. దాన్ని నమూనా పక్కన నిలబెట్టి చూశాడు. అంచుకి జానెడు పైగా తక్కువగా ఉంది. తర్వాత తలుపులాయనకి, రేపొకసారి రమ్మని కబురు పంపాడు.

ఆదివారం సెలవు. హాల్లో ఇంకెవరూ లేరు.

"ఎత్తు," అన్నాడు వడ్రంగి.

తలుపులాయన చుట్టూ చూశాడు. "ఆ కుర్రోళ్లు రాలేదేటి?"

"ఇవాళ సెలవు."

"మరైతే మీరు ఆ కొస పట్టండి మేస్త్రీ."

"నేను పట్టను."

తలుపులాయన ఆయన ముఖంలోకి చూసి, పరాచికం కాదని తెలుసుకున్నాడు. తలుపు పై కొసని కష్టపడి అంచుకి ఆనించి, చుట్టూ తిరిగాడు. ఆయన కింది కొస అందుకునేలోపల తలుపు జారి నేల మీద పడింది. ఆ చప్పుడు ఖాళీ హాలంతా వినబడింది.

"రోజూ బాగుందన్నావు కదయ్యా," అన్నాడు వడ్రంగి.

తలుపులాయన పడిపోయిన తలుపు మీదే కూర్చున్నాడు. "ఆ కొస ఎవరో ఒకరు పట్టుకునేవోరు. నాకు ఎత్తు తెలీలేదు మేస్త్రీ." తలుపు చెక్కని తడుముతూ, "తర్వాత తర్వాత కొంచెం తెలిసింది. బాలేదంటే మరి పిలవరేమో అనీసి ఊరుకున్నాను," అన్నాడు.

వడ్రంగి వంగి, అమ్మేవాళ్లు పెట్టించిన చెక్కముక్కల్ని నమూనా కింద నుంచి లాగేశాడు.

"ఇప్పుడు ఎత్తు."

తలుపు మళ్లీ జారింది. అందచందాల వాళ్ల ముక్కలు లాగేశాడు. మళ్లీ జారింది. ఈసారి తలుపులాయన దాన్ని మోకాలితో ఆపబోయి దెబ్బ తగిలించుకున్నాడు. వడ్రంగి చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. ఆయన ఆ చేతిని వెనక్కి తీసుకుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

"ఒక్క చెయ్యెయ్యండి మేస్త్రీ. ఇంకాసింతే తక్కువ. ఇంతలో అయిపోతాది."

"వెయ్యను."

"మీకేటి పోతాది?"

"నేను చెయ్యి వేస్తే ఇవాళ అయిపోతుంది. రేపు రోడ్డు మీద నేనుండను కదయ్యా."

వడ్రంగి పుట్టి బుద్ధెరిగాక, ఎదుట మనిషి బరువెత్తుతుంటే చేతులు కట్టుకుని నిలబడ్డది ఇదే మొదటిసారి. ఆయనకి ఏడుపొచ్చింది. ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు కానీ హాల్లోంచి వెళ్లిపోలేదు. తలుపు పడినప్పుడల్లా వచ్చి ఒక్కో ముక్క లాగుతూ పోయాడు.

ఆఖరి ముక్క కూడా తీశాక తలుపు అంచుకి ఆని కదలకుండా నిలిచింది. తలుపులాయన చుట్టూ తిరిగి వచ్చాడు. అది ఇంకా అక్కడే ఉంది. కింది కొస ఎత్తి తోశాడు. గరగరలాడుతూ తలుపు తొట్టిలోకి వెళ్లిపోయింది.

"సరిపోయింది," అన్నాడు తలుపులాయన.

"సరిపోయింది," అన్నాడు వడ్రంగి.

ఇద్దరికీ సంతోషంగా లేదు. ఎందుకు లేదో ఒకరినొకరు అడగలేదు.

సోమవారం యజమాని వచ్చి, కిందకి దిగిన నమూనాని చూసి కోప్పడ్డాడు. ఎవరి పెత్తనం ఇది అన్నాడు. వడ్రంగి తలుపులాయన్ని ముందుకు తోశాడు. తలుపులాయన తలుపు మీద చెయ్యి వేశాడు. పసుపు టోపీలు పరుగెత్తబోతే వడ్రంగి అడ్డం నిలబడ్డాడు. ముసలాయన ఒక్కడే ఆనించి, తిరిగి, ఎత్తి, తోయడం యజమాని చివరిదాకా చూశాడు.

"అచ్చులు ఈ ఎత్తుకే పొయ్యండి," అన్నాడు.

ఇంజను వాళ్లు గొణుక్కుంటూ తమ ఇంజనుని సన్నం చేసుకున్నారు. బండి చిన్నదయింది, ఇనుము తగ్గింది, ధర కూడా దిగింది. ఊరి నిండా బోర్డులు పెట్టారు. 'ఒకరి చెయ్యి అక్కర్లేని బండి' అని పెద్ద అక్షరాలతో రాశారు. బండి వెనక రేకు మీద కూడా అదే రాశారు. చూస్తుండగానే ఊరంతా ఆ బళ్లే అయ్యాయి. గ్యాసు బండలు వేసేవాడు కొన్నాడు, ఐసుగడ్డలు అమ్మే ఆవిడ కొంది, షామియానాల వాడు కొన్నాడు. వాళ్ల దగ్గర రెండో మనిషిగా ఉన్నవాళ్లు ఇంకేదో పని చూసుకున్నారు.

మొదటి బండి తలుపులాయనకే ఇచ్చారు. మెడలో దండ వేసి ఫొటో తీశారు. కొలతలు అయిపోయాయి కాబట్టి మర్నాటి నుంచి రానక్కర్లేదన్నారు.

బండి మంచిది. మాట నిలబెట్టుకుంది. రోజుకి రెండు తలుపులు మోసేవాడు ఆరు మోస్తున్నాడు. మోకాళ్లు నొప్పి పుట్టడం లేదు. రేటు చెప్పడానికి తప్ప నోరు విప్పే పని కూడా లేదు.

ఒక మధ్యాహ్నం ఊరవతల పడగొట్టిన ఇంటి ముందు ఆయన ఒక తలుపుని బండికి ఆనించాడు. రోడ్డుకి అవతల టీ తాగుతున్న ఒక కూలీ అది చూశాడు. బరువుకి ఒక కొసనే మనిషి కనబడితే ఎవరికైనా కాళ్లు అటు నడుస్తాయి. అతను గ్లాసు బల్ల మీద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుంటూ రోడ్డు దాటి వస్తున్నాడు. తలుపులాయన అతన్ని చూశాడు. కింది కొస దగ్గరికి వెళ్లే నడక మెల్లగా అయింది.

కూలీ దగ్గరికొచ్చి, బండి వెనక రాసింది చూసి నవ్వాడు.

"ఓహో, ఈ బండేటి. దీనికి మనిషక్కర్లేదంట గదా," అని వెనక్కి తిరిగాడు.

అతను చెప్పింది నిజమే. తలుపులాయన కింది కొస ఎత్తి తోశాడు. కూలీ టీ బల్ల దగ్గరికి చేరేలోపలే తలుపు తొట్టిలో ఉంది.

తలుపులాయన బండి ఎక్కలేదు. కాసేపు తొట్టి వైపు చూశాడు. తర్వాత తలుపుని పట్టుకుని మళ్లీ కిందకి లాగాడు. పై కొసని అంచుకి ఆనించి, కింది కొసని నడుం దాకా ఎత్తాడు. తొయ్యలేదు. రోడ్డు వైపు చూస్తూ అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఎండగా ఉంది. తలుపు బరువుగా ఉంది. రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి అలాంటి బళ్లే పోతున్నాయి, ఒక్కో దాంట్లో ఒక్కో మనిషి ఉన్నాడు.